నలభై నాలుగో స్టెప్పు

పొద్దున్న తొమ్మిదిన్నరకి ఉదయ్‌కుమార్ మూడో అంతస్తులో అడుగు పెట్టేసరికే మూడు చేతులు గాల్లో ఉన్నాయి.

"బావా, నాది సచ్చిపోనాది."

"నాది కూడా సార్. నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది."

"ముందు నా కాడికి రా బావా. పదింటికి ఫోను కాలున్నాది," అన్నాడు కన్నబాబు. మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి. అందరికంటే ముందు వస్తాడు, అందరికంటే గట్టిగా పిలుస్తాడు.

ఉదయ్ తొందరపడలేదు. బ్యాగు కుర్చీలో పెట్టాడు. హెల్మెట్ దాని పక్కన పెట్టాడు. చొక్కా చేతులు రెండు మడతలు మడిచి, కన్నబాబు వెనక్కి వెళ్ళి వంగాడు. ఎడమ భుజం తెరకి అడ్డం పడింది. వేళ్ళు ఒక్కసారి టకటకలాడాయి. ఆ వెంటనే తెర మీది అక్షరాలన్నీ తుడిచేశాడు.

"చూడు."

ఎర్ర అక్షరాలు పోయి పచ్చ అక్షరాలు వచ్చాయి. కన్నబాబు రెండు చేతులూ జోడించాడు. "నీ సెయ్యి మంచిది బావా."

మధురవాడలోని ఆ చిన్న కంపెనీ పనంతా పోర్టుకి వచ్చే లారీలతోనే. గేటు దగ్గర లారీ నంబరు పడగానే, ఎక్కడో క్లౌడ్‌లో ఒక చిన్న ప్రోగ్రాము నిద్రలేచి, డ్రైవరు ఫోనుకి 'నీ వంతు వచ్చింది' అని మెసేజి పంపి మళ్ళీ పడుకుంటుంది. అలాంటివి అరవై దాకా ఉన్నాయి. ఫంక్షన్లు అంటారు. వాటిని నేరుగా క్లౌడ్‌లో పెట్టి పరీక్షిస్తే నిజం డ్రైవర్లకి ఉత్తుత్తి మెసేజీలు పోతాయి. అందుకని ప్రతి ఒక్కరూ తమ లాప్‌టాప్ లోపలే క్లౌడ్‌లా నటించే ఇంకో మెషీను పెట్టుకోవాలి. వర్చువల్ మెషీను. అది పెట్టడం రెండు రోజుల పని. ఎలా పెట్టాలో మూడేళ్ల కిందట ఉదయ్ రాశాడు. అరవై ఒక్క పేజీలు, నలభై మూడు స్టెప్పులు.

నలభై నాలుగోది రాయలేదు.

లాప్‌టాప్ మూత మూస్తే లోపలి మెషీను గడియారం ఆగిపోతుంది. మర్నాడు మూత తెరిచినా దాని లెక్కలో ఇంకా నిన్న సాయంత్రమే. లాగిన్ సర్వరు టైము చూస్తుంది, తేడా కనబడగానే తలుపు వేసేస్తుంది. 'అనుమతి లేదు' అని ఎర్రగా రెండు ముక్కలు పడేస్తుంది తప్ప కారణం చెప్పదు. గడియారాన్ని సరిచేసే ఆజ్ఞ ఒకే ఒక్క లైను. మొదట్లో దాన్ని దాచాలనుకోలేదు. ఒకరోజు చెప్పడం మరిచిపోయాడు. రెండో రోజు పిలిచారు. మూడో రోజు పిలుస్తారా లేదా అని ఎదురుచూశాడు.

ఆ సోమవారం మూడు సీట్లూ తిరిగి వచ్చేసరికి, కిటికీ పక్కన కొత్త కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని అతని చేతుల వైపే చూస్తోంది. పక్కన ప్రాజెక్టు మేనేజరు రోజారమణి నించుని ఉంది.

"ఉదయ్‌కుమార్, ఈమె అనూరాధ. హైదరాబాద్‌లో నాలుగేళ్లు చేసింది. మన ఊరి అమ్మాయే, జాలరిపేట. మెషీను పెట్టుకోవడం కాస్త చూపించు. శుక్రవారం సన్యాసిరాజుగారు వస్తున్నారు, గుర్తుంది కదా?"

గుర్తులేకపోవడమా! గాజువాకలో మూడు వందల లారీల యజమాని ఆయన. కొత్త పోర్టు ప్రాజెక్టు ఆయన సరే అంటేనే మొదలవుతుంది. దానికి ఒక లీడ్ కావాలి. పోర్టు గేటు పక్కనే ఆఫీసు, చేతి కింద ఆరుగురు. అలాంటి కుర్చీ కోసం ఉదయ్ పేరు రెండుసార్లు పైదాకా వెళ్ళింది. రెండుసార్లూ వేరేవాళ్ళకి పోయింది. ఈసారి హైదరాబాద్ అనుభవం ఉన్న మనిషిని సరిగ్గా ఈ వారమే తెచ్చి కిటికీ పక్కన ఎందుకు కూర్చోబెట్టినట్టు?

అతను అరవై ఒక్క పేజీలూ ఆమె ముందు పెట్టాడు. "రెండు రోజులు పడుతుంది. పన్నెండో స్టెప్పు దగ్గర అందరూ ఆగిపోతారు. అప్పుడు పిలువు."

"అలాగే సార్," అంది అనూరాధ.

పిలవలేదు. మధ్యాహ్నం అయింది. ఉదయ్ మంచినీళ్ళ కోసం మూడుసార్లు లేచాడు. మూడోసారి ఆమె వెనకగా వెళ్ళి చూశాడు. ముప్పయ్యో స్టెప్పులో ఉంది. తెర మీదే పక్కన ఇంకో విండో తెరిచి ఏదో రాస్తోంది.

"ఏటది?"

"సేసిన పని సేసినట్టు ఇందులో రాసుకుంటన్నాను సార్. ఇంకోళ్ళు మళ్ళీ సేత్తో సెయ్యక్కర్లేకుండా."

"చేత్తో చేస్తేనే నేర్చుకుంటారమ్మా."

"నిజవే సార్," అని, మళ్ళీ రాసుకోవడంలో పడింది.

మంగళవారం పదకొండింటికి ఆమె స్టోర్లో పడున్న పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. తను రాసుకున్నదంతా అందులోకి ఎక్కించి, ఒకే ఒక్క మాట టైపు చేసింది. తెప్ప. ఎంటర్ కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద లైన్లు వాటంతట అవే పరుగెత్తాయి. లాప్‌టాప్ తనే దింపుకోవాల్సినవి దింపుకుంది, తెరవాల్సినవి తెరిచింది, అరవై ఫంక్షన్లనీ వరసగా ఎక్కించుకుంది. ఒక్కొక్కరే వచ్చి వెనక నించున్నారు. కన్నబాబు ఫోనులో టైము చూస్తున్నాడు.

"పదకొండు నిమిషాలు! రెండ్రోజుల పనే! ఓలమ్మా, నాను సేరినప్పుడు నువ్వెక్కడున్నావే?"

"తెప్ప అని పేరేటి?" అని ఎవరో అడిగారు.

"మా ఇంట్లో పొద్దున్నే మొదటి పని అదే గదా, తెప్ప దించడం," అంది ఆమె.

అందరూ నవ్వారు. ఉదయ్ తన సీట్లో కూర్చుని ఒకే మెయిలు నాలుగోసారి చదువుతున్నాడు. నవ్వు ఆగితే బాగుండనిపించింది. ఆగలేదు. కన్నబాబు క్యాంటీన్ నుంచి అల్లం టీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మూడేళ్లలో కన్నబాబు ఎవరి బల్ల దగ్గరికీ టీ మోసుకెళ్ళడం ఉదయ్ చూడలేదు, తన బల్ల దగ్గరికి తప్ప.

రోజారమణి గాజు తలుపు తోసుకుని వచ్చింది. చూసింది. "అనూ, శుక్రవారం సన్యాసిరాజుగారికి ఇదే చూపిద్దాం. కొత్తగా చేరే ఐదుగురూ ఆయన ముందే మొదలుపెడతారు."

అనూ! చేరి రెండు రోజులు. తనని మూడేళ్లుగా ఆవిడ ఉదయ్‌కుమార్ అనే పిలుస్తోంది.

సాయంత్రం ఇంట్లో చారు కలుపుకుంటూ అన్నాడు: "ఆ అనూరాధ కుర్చీలో కాలు మడిచి కూర్చుంటది. ఆఫీసులో అలా కూర్చుంటారా ఎవరైనా?"

భార్య సత్యశ్రీ గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏటండి సంగతి?"

"ఏటి?"

"నిన్న రాత్తిరి నుంచి ఆ పిల్ల పేరే. అనూరాధ ఇలాగ కూకుంది, అనూరాధ అలాగ టీ తాగింది. ఎలాగుంటాదేటి పిల్ల?"

"ఛ! అదేం కాదు."

"అది కాకపోతే ఇంకేటి? పెళ్ళైన కొత్తలో నా పేరు కూడా ఇన్నిసార్లు అనలేదు మీరు. ఆ పేరు ఎత్తకుండా ఒక్క ముద్ద తినండి, సూద్దాం."

అతను తిన్నాడు. నాలుగో ముద్ద దగ్గర మళ్ళీ నోరు తెరవబోయి మూసుకున్నాడు.

*

బుధవారం పొద్దున్న నాలుగు చేతులు లేచాయి. ఉదయ్‌కి ప్రాణం లేచొచ్చింది. నాలుగు సీట్లూ తీరిగ్గా తిరిగాడు. నాలుగోది అనూరాధ పక్క సీటు. భుజం అడ్డం పెట్టి, టకటకలాడించి, తుడిచేశాడు. ఆమె మెషీను మాత్రం పచ్చగానే ఉంది. ఎందుకో అతనికి తెలుసు. మిగతావాళ్ళు మూత మూసి లాప్‌టాప్ సంచిలో వేసుకుపోతారు. ఆమె సాయంత్రం పూర్తిగా ఆపేసి, సొరుగులో పెట్టి తాళం వేసుకుని వెళ్తుంది. ఆపి లేపితే గడియారం సరైన టైముతోనే లేస్తుంది.

మధ్యాహ్నం గంటసేపు మీటింగు. అందరితో పాటు ఆమె కూడా మూత మూసి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి తెరిచింది. తన సీట్లోంచే ఉదయ్‌కి ఆమె తెర మీద ఎరుపు కనబడింది. ఇప్పుడు లేస్తుంది. ఇప్పుడు పిలుస్తుంది.

నలభై నిమిషాలు పట్టింది. పిలవలేదు, తనే వచ్చింది.

"సార్, ఇందాక దాకా ఆడింది, ఇప్పుడు అనుమతి లేదంటంది. పొద్దున్నే అందరికీ వచ్చేది ఇదే గదా. మీరు టైపు సేసేది ఏటి సార్?"

నేరుగా అడిగింది. మూడేళ్లలో అలా ఎవరూ అడగలేదు. "నీ సెయ్యి మంచిది" అని ఊరుకున్నారు. ఉదయ్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. చెప్పడానికి ఆరు సెకన్లు చాలు. చెబితే ఆ లైను తెప్పలోకి పోతుంది. తెప్పలోకి పోతే రేపటి నుంచి పొద్దున్న ఒక్క చెయ్యి కూడా లేవదు.

"మెమొరీ," అన్నాడు. "లోపలి మెషీనుకి మెమొరీ చాలట్లేదు. నేను రోజూ ఖాళీ చేసి వెళ్తాను. నువ్వు కాస్త పెంచి చూడు."

ఆమె అతని సీటు పక్కనే నించుని చేసింది. మెమొరీ పెంచాలంటే లోపలి మెషీనుని ఒకసారి ఆపి లేపాలి. ఆపింది, పెంచింది, లేపింది. గడియారం సరైన టైముతో లేచింది. పచ్చ.

"అమ్మయ్య! ఇదా సార్! నాను ఎక్కడెక్కడో ఎతుకుతన్నాను." ఆమె ముఖం విప్పారింది. అక్కడే నించుని తెప్పలో లైను మార్చింది. దాని పక్కన ఒక మాట రాసింది. "మీ పేరు ఏసాను సార్. కనిపెట్టింది మీరు గదా."

మెమొరీ పెంచిన లైను. కారణం చెప్పినవారు: ఉదయ్‌కుమార్. అతను తల ఊపాడు.

నాలుగింటికి టీ దగ్గర మూక అంతా ఆమె చుట్టూ చేరింది. మాటల్లో వాళ్ళ నాన్న జగ్గయ్య సంగతి వచ్చింది.

"మా నాన్న ఒడ్డు మీది కొండల్ని సూసే సముద్రంలో సేపల సోటు పట్టేత్తాడు. ఏ కొండ పక్కన ఏది కనబడాలో ఆయనకే తెలుసు, ఎవడికీ సెప్పడు. పక్కన ఇంకో పడవ వచ్చిందనుకో, వల లాగేసుకుని ఏటీ ఎరగనట్టు బీడీ ముట్టిత్తాడు."

"అచ్చం మా ఉదయ్ బావే," అన్నాడు కన్నబాబు. అందరూ పగలబడ్డారు.

"ఓయ్, సార్‌ని అనకు," అంది ఆమె. "మా నాన్న సెప్తే సేపలు అయిపోతాయి. సార్ నాకు మజ్జాన్నం అడగ్గానే సెప్పేసారు."

టీ నోట్లో చేదుగా తగిలింది. సగం గ్లాసు కుండీలో పోసి ఉదయ్ లోపలికి వచ్చేశాడు.

గురువారం అతను ఒక తప్పు కోసం తెప్ప మొత్తం చదివాడు. మూడు వందల ఎనభై లైన్లు. తను నలభై మూడు స్టెప్పుల్లో మెలికలు తిప్పి రాసినదాన్ని ఆమె నిటారుగా రాసింది. నెట్ మధ్యలో పోతే ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే మొదలయ్యేలా పెట్టింది. ఆ ఆలోచన తనకి మూడేళ్లలో రాలేదు. మొత్తం మీద తప్పు లైను ఒక్కటే ఉంది. దాని పక్కన తన పేరుంది.

చాట్‌లో ఆమె పేరు తెరిచాడు. గడియారం లైను టైపు చేశాడు. పక్కన ఇంకో రెండు ముక్కలు: 'మెమొరీ కాదు.' పంపే బటన్ మీద వేలు పెట్టాడు. అదే సమయానికి గాజు గదిలో రోజారమణి, అనూరాధ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. బల్ల మీద పోర్టు గేటు మ్యాపు. రోజారమణి వేలితో ఏదో చూపిస్తోంది, అనూరాధ తల ఊపుతోంది.

ఉదయ్ అక్షరం అక్షరం చెరిపేశాడు.

*

శుక్రవారం సన్యాసిరాజు పదిన్నరకే వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మీటింగు గదిలో ఐదు కొత్త లాప్‌టాప్‌లు, వాటి ముందు కొత్తగా చేరిన ఐదుగురు. అనూరాధ గోడ పక్కన నించుంది.

"ఏటమ్మా, మీ మెషీన్లు పెట్టడానికే వారం పడతాదని ఎవడో సెప్పాడు. నా లారీలు అన్నాళ్ళు రోడ్డు మీద నించోవాలా?"

"పన్నెండు నిమిషాలు కూకోండి బాబూ," అంది అనూరాధ.

ఐదుగురూ తెప్ప అని కొట్టారు. పదకొండు నిమిషాలకి మొదటిది, పన్నెండుకి అయిదోది పచ్చబడ్డాయి. సన్యాసిరాజు తన లారీ నంబరొకటి చెప్పాడు. గేటు దగ్గరికి వచ్చినట్టు ఉత్తుత్తినే కొట్టారు. లాప్‌టాప్ తెర మీద బొమ్మ ఫోను మోగింది: నీ వంతు వచ్చింది. ఆయన పెద్దగా నవ్వాడు. "బాగున్నాది. బోయినం అయ్యాక నా వాళ్ళు రాసిచ్చిన నంబర్లు ఇరవై కొడదాం. అన్నీ మోగితే సంతకం."

అందరూ లేచారు. క్యాంటీన్ నుంచి రొయ్యల వేపుడు వాసన వస్తోంది. కొత్తవాళ్ళు లాప్‌టాప్‌లు తెరిచే ఉంచి నడిచారు. ఉదయ్ ఆఖరున ఆగాడు. గదిలో ఎవరూ లేరు. మొదటి మూత పట్టుకుని నెమ్మదిగా దించాడు. మూత మూయడం నేరం కాదు. దుమ్ము పడకుండా ఎవరైనా మూస్తారు. రెండోది. మూడోది. అయిదోది మూసి, కుర్చీలు కూడా సరిగ్గా లోపలికి నెట్టి, భోజనానికి వెళ్ళాడు. రొయ్యలు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రెండింటికి ఐదు మూతలూ తెరిచారు. మొదటి నంబరు కొట్టారు. ఎరుపు. రెండో లాప్‌టాప్, ఎరుపు. అయిదూ ఎరుపే.

"ఏటయిందమ్మా?" అన్నాడు సన్యాసిరాజు.

"ఒక్క నిమిషం బాబూ. మెమొరీ..." అనూరాధ మొదటి కుర్చీలో కూర్చుని మెమొరీ ఇంకా పెంచింది. ఆ కొత్త లాప్‌టాప్‌లో పెంచడానికి మిగిలింది లేదు. తెర బిగుసుకుపోయింది. మౌసు బాణం కూడా కదల్లేదు. ఆమె పై పెదవి మీద చెమట. "పొద్దున్న ఆడింది... ఇదే లైను..." తలెత్తి ఉదయ్ వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. సాయం అడుగుతోంది.

రోజారమణి కూడా ఉదయ్ వైపే చూసింది. గది మొత్తం అతని వైపు తిరిగింది.

చొక్కా చేతులు మడిచాడు. రెండో లాప్‌టాప్ దగ్గర వంగాడు. భుజం అడ్డం. పది సెకన్లు, పచ్చ. మూడోది. నాలుగోది. అయిదోది. బిగుసుకున్నదాన్ని ఆపి లేపాడు. అదీ పచ్చే. ఇరవై నంబర్లూ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. సన్యాసిరాజు లేచి అతని వీపు మీద చరిచాడు. "మీకాడ మొనగాడున్నాడమ్మా, ముందే సెప్పరేం!" చప్పట్లు కొట్టారు. కన్నబాబు ఈల కూడా వేశాడు. అనూరాధ చప్పట్లు కొడుతూనే బిగుసుకుపోయిన ఆ లాప్‌టాప్ వైపు చూస్తోంది.

ఉదయ్‌కి ఒళ్ళంతా తేలికయింది. గెలుపు ఇంత రుచిగా ఉంటుందని ఇంతకాలం తెలీదు.

సన్యాసిరాజు కారు కదలగానే రోజారమణి అతన్ని గదిలోకి పిలిచింది.

"కూర్చో. ఇవాళ పరువు నిలబెట్టావు." ఆవిడ బల్ల మీది పోర్టు మ్యాపు మడుస్తోంది. "నీకొకటి చెప్పాలి. ఇదివరకు రెండుసార్లు నిన్ను లీడ్‌గా పంపిద్దామనుకున్నాను. రెండుసార్లూ ఈ ఫ్లోరు వాళ్ళే నా దగ్గరికి వచ్చారు. ఉదయ్ లేకపోతే పొద్దున్న మా పని మొదలవదు మేడమ్ అన్నారు. నిజమే అనిపించింది, ఆగిపోయాను. అందుకే ఈసారి అనూరాధని తీసుకున్నాను. చేరిన రోజే ఆమెకి చెప్పాను, నీ మొదటి పని ఉదయ్ మీది బరువు దించడం అని. అది అయ్యుంటే ఉదయ్‌కుమార్, సోమవారం నుంచి నిన్నే పోర్టుకి పంపేదాన్ని. నిన్న మ్యాపు ముందేసుకుని ఆమెతో అదే మాట్లాడాను, నువ్వు వెళ్ళాక ఇక్కడ ఏది ఎలా అని."

మ్యాపు ఇంకో మడత పడింది.

"కాలేదు. ఇవాళ అందరం చూశాం. నువ్విక్కడ ఉండాల్సిన మనిషివి. పోర్టుకి మన హైదరాబాద్ ఆఫీసు నుంచి ఎవరినైనా అడుగుతాను."

"అనూరాధ?"

"ఆర్నెల్ల ప్రొబేషన్ ఉంది కదా. చూద్దాం." ఆ 'చూద్దాం' ఎలాంటిదో ఉదయ్‌కి తెలుసు.

"మేడమ్, నేను... సాయంత్రంలోగా ఆమెకి నేర్పేస్తాను. మొత్తం నేర్పేస్తాను."

రోజారమణి నవ్వింది. "మూడేళ్లలో ఇక్కడ ఒక్కరికీ రాని విద్య సాయంత్రంలోగా ఎలా వస్తుంది ఉదయ్‌కుమార్?"

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. నవ్వుతూ లేచి వెళ్ళిపోవచ్చు. మొనగాడిగానే వెళ్ళిపోవచ్చు. సోమవారం పొద్దున్న మళ్ళీ మూడు చేతులు లేస్తాయి. ఆ మర్నాడూ లేస్తాయి. ఆ చేతులే రెండుసార్లు తనని ఆ కుర్చీకి కట్టేశాయని ఇప్పుడు తెలిసింది. కట్టిన తాడు తన బుర్రలోనే ఉంది.

"ఒక్క లైనే మేడమ్," అన్నాడు.

"ఏంటి?"

"అది... ఒక్క లైనే."

ఆవిడ చేతిలో మ్యాపు ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు."

చెప్పాడు. గడియారం సంగతి చెప్పాడు. బుధవారం అనూరాధ అడిగితే మెమొరీ అన్నది చెప్పాడు. అక్కడ ఆపేద్దామనుకున్నాడు, గొంతు ఆగలేదు. భోజనానికి ముందు ఐదు మూతలూ మూసింది కూడా చెప్పాడు. రోజారమణి మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయ్యాక మ్యాపు మడతలు మళ్ళీ విప్పి బల్ల మీద పరిచింది.

"పోర్టుకి అనూరాధ వెళ్తుంది," అంది. "ఆమె కింద నువ్వు కూడా వెళ్తావా, లేదా అన్నది ఆమెని అడుగుతాను. నిన్ను అడగను."

*

రోజారమణి అనూరాధని లోపలికి పిలిచి పావుగంట మాట్లాడింది. తలుపు వేసి ఉంది. ఉదయ్ తన సీట్లో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కీబోర్డు మీద పెట్టాడు, తీశాడు. పోర్టు కుర్చీ ఆమెది. ఇప్పుడు కూడా, ఇంత జరిగాక కూడా, గుండెలో అదే ముల్లు. సిగ్గు ఒక పక్క ఉంది, అసూయ ఇంకో పక్క ఉంది. ఒకటి వచ్చిందని రెండోది లేచి వెళ్ళిపోలేదు.

ఆమె బయటికి వచ్చి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. కుర్చీ లాక్కోలేదు. నించునే ఉంది.

"మూతలు కూడా మీరేనా?"

"ఊఁ."

"తెలీదని సెప్పేసినా బాగుణ్ణు సార్. ఎతుక్కునేదాన్ని. రాత్తిరైనా పగలైనా ఎతికి పట్టుకునేదాన్ని. మీరు సెప్పారని ఎతకడం ఆపేసాను." గొంతు పెంచలేదు. "పైగా మీ పేరొకటి ఏసాను."

అతను తల దించుకున్నాడు. చెప్పడానికి తయారుచేసుకున్న మాటలు రెండున్నాయి. రెండూ పనికిరావని అర్థమైంది.

"మిమ్మల్ని నాతో తీసుకెళ్తానా అని మేడమ్ అడిగారు."

"ఏం చెప్పావు... ఏం చెప్పారు?"

"ఇంకా ఏటీ సెప్పలేదు. ఇలాటివి ఇంకెన్ని ఉన్నాయి సార్ మీ దగ్గర?"

ఉదయ్ ఖాళీ పేజీ ఒకటి తెరిచాడు. మొదట గడియారం లైను రాశాడు, ఎందుకో కూడా రాశాడు. రెండోది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాక ముందు దేన్ని లేపాలో. మూడోది, వాన పడి నెట్ పోయి వచ్చినప్పుడు చేయాల్సింది. రాసేకొద్దీ ఎన్ని ఉన్నాయో అతనికే ఆశ్చర్యమేసింది. కన్నబాబు ఎప్పుడు వచ్చాడో వెనక నించుని చదువుతున్నాడు. రోజారమణి గది గాజు తలుపులోంచి వాడికి ఎంత వినబడిందో, ఎంత అర్థమైందో తెలీదు. ముఖంలో నవ్వు లేదు.

నాలుగోది: డిస్కు నిండిపోయినప్పుడు ఏ పాత ఫైళ్ళు చెరపాలో. అయిదోది మొదలుపెట్టాడు.

"నాలుగోది నాకు తెలుసు బావా," అన్నాడు కన్నబాబు.

ఉదయ్ వేళ్ళు ఆగాయి. "ఎప్పట్నుంచి?"

"పోయినేడు దసరా కాణ్ణుంచి. ఒకపాలి నువ్వు శెలవెట్టినప్పుడు నానే కనుక్కున్నాను."

"మరి ప్రతి శుక్రవారం డిస్కు నిండిపోనాదని నన్నెందుకు పిలిచేవోడివిరా?"

కన్నబాబు మెడ గోక్కున్నాడు. "పిలవకపోతే నువ్వు సీటు వొదిలి వత్తావేటి? అందరం టీకెళ్తే నువ్వొక్కడివీ కూకునుంటావు. పని సెప్తే లేచి వత్తావు, ఆ ఊపులో టీకి కూడా వత్తావని..." ఆగిపోయాడు. "ఊరికేనే బావా. మరేటీ లేదు."

లేచిన చేతుల్లో ఎన్ని పని కోసం లేచాయో, ఎన్ని తన కోసం లేచాయో ఇప్పుడు లెక్కపెట్టే దారి లేదు. అయిదోది ఎలాగో పూర్తి చేశాడు.

"సర్లే బావా, లే, అలా కిందకెళ్ళొద్దాం," అన్నాడు కన్నబాబు.

అనూరాధ పక్క బల్ల దగ్గర్నుంచి కుర్చీ ఒకటి లాక్కొచ్చింది. అతని పక్కనే వేసుకుని, కాలు మడిచి కూర్చుంది.

"ముందు ఆరోది రాయండి సార్," అంది. "టీ ఇక్కడికే తెప్పిత్తాను."